నాలుగో సీసా

రేపు సాయంత్రం ఐదు గంటలకి ఆ ఫ్రిజ్ లోపల ఎంత చలి ఉంటుందో ఈరోజు మధ్యాహ్నం రెండింటికే రిజిస్టరులో రాసి ఉంది. నాలుగు డిగ్రీలు.

డిటెక్టివ్ ఆ గడి మీద వేలు పెట్టి కాంపౌండరు వంక చూసింది.

"ఇది ఏ తారీఖు?"

"రేపటిదండీ."

"మళ్ళీ చెప్పండి."

"రేపటిదేనండీ," అన్నాడతను. రెండోసారి చెప్పేసరికి ఆ మాట ఎంత అన్యాయంగా ఉందో అతనికే వినబడింది.

"జ్యోతిష్యం ఎన్నాళ్ళనించి చెబుతున్నారు?"

కాంపౌండరు చెప్పుల వంక చూసుకున్నాడు. యాభై దాటిన మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, జేబులో మూడు పెన్నులు. ఆ మూడింటిలో ఏ పెన్నుతో రేపటి చలి రాశాడో కూడా ఆమెకి తెలిసిపోయింది. ఆకుపచ్చది.

"మళ్ళీ చెప్పండి" అనే ఈ ఒక్క మాటతో ఆమె పోలీసు శాఖలో ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చింది. ఎదురుగా మేడమ్ అనేవాళ్ళందరూ వెనక మళ్ళీచెప్పమ్మ అనేవాళ్ళు. అబద్ధం మొదటిసారి పరిగెడుతుంది, రెండోసారి కుంటుతుంది, మూడోసారికి చతికిలబడుతుంది అని ఆమె నమ్మకం. భర్త పోయాక ఉద్యోగం వదిలేసి, ఇంటి ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. ఆ రెండో కుర్చీలో నిన్న మధ్యాహ్నం వచ్చి కూర్చున్నావిడ ఈ క్లినిక్ నర్సుకి అత్తగారు.

ఆవిడ కేసు అప్పగించిన తీరు కూడా ఒక పద్ధతిలో లేదు. కోడలి నోరు మంచిది కాదంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళలో తన మాట విన్న రోజు ఒక్కటీ లేదంది. కూర్చుంటే లేవదు, లేస్తే కూర్చోదు అంది. ఇంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని, "కాని దొంగ కాదమ్మా," అంది. "దొంగయితే ముందు ఇంట్లో మొదలుపెట్టేదిగా? నాకు తెలీకుండా పంచదార డబ్బా జరిపిన పిల్ల కాదు." ఇప్పుడు ఆవిడ బయట వరండా బెంచీ మీద, తడి గొడుగు ఒళ్ళో పెట్టుకుని, పొద్దుటినించీ కదలకుండా కూర్చుని ఉంది.

చచ్చిపోయినవాడు వడ్రంగి. నలభై రెండేళ్ళవాడు. నాలుగు నెలల కిందట నిచ్చెన మీంచి పడి కడుపులో ప్లీహం చితికిపోతే ఆపరేషన్ చేసి తీసేశారు. ప్లీహం లేకపోయినా మనిషి తింటాడు, తిరుగుతాడు, చెక్క చిత్రిక పడతాడు. కాని న్యుమోకోకస్ అనే క్రిమి నెత్తుట్లోకి దిగితే దాన్ని అడ్డుకునే కాపలా ఉండదు. మామూలువాళ్ళని ఊపిరితిత్తుల్లో పట్టి పది రోజులు మంచాన పడేసే ఆ క్రిమి ఇలాంటివాళ్ళని ఒక్క పగట్లో తీసుకుపోతుంది. అందుకే సర్జను అతన్ని టీకా వేయించుకోమని ఈ క్లినిక్‌కి పంపాడు. నర్సు వేసింది. పద్ధతి ప్రకారం సీసా మీది స్టిక్కరు ఊడదీసి అతని కార్డు మీద అంటించింది. ఏడు వారాల తరవాత ఒక సోమవారం పొద్దున్న ఆరింటికి అతనికి చలి పుట్టింది. భార్య ఆస్పత్రికి పోదామంటే, టీకా పడిందిగా, ఇది ఉత్త జ్వరమేనని కార్డు తీసి చూపించాడు. పదకొండింటికి మాట ముద్దగా వచ్చింది. ఒంటిగంటకి ఆస్పత్రిలో చేర్చారు. సాయంత్రం ఆరుంపావుకి పోయాడు. అప్పుడూ ఆ కార్డు చొక్కా జేబులోనే ఉంది.

తరవాత లాబు నించి రిపోర్టు వచ్చింది. అతన్ని చంపింది న్యుమోకోకసే. ఆ క్రిమిలో వందకి పైగా రకాలుంటే టీకా కొన్నిటినే ఆపుతుంది. ఇతనికి పట్టింది ఆ కొన్నిటిలోదే. టీకా పడ్డ ఒంట్లో ఆ క్రిమిని పట్టుకునే యాంటీబాడీలు తయారవ్వాలి. ఇతని నెత్తుట్లో వెతికితే అవి లేవు. ఎప్పుడూ టీకా పడనివాడి నెత్తురులా ఉందని రాశారు.

ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇన్‌స్పెక్టరు కేసు తేల్చేశాడు. నర్సు అసలు మందు బయటికి దాటించి, వడ్రంగికి నీళ్ళు పొడిచింది. ఈరోజు మూడింటికి వచ్చి ఆమెని తీసుకెళతానని పొద్దున్నే డాక్టరుకి కబురంపాడు. ఈ ఇన్‌స్పెక్టరు డిటెక్టివ్‌కి వరసకి కాదు, సొంత మరిది.

ఆయన మూడింటికని చెప్పి రెండూ పదికే వచ్చాడు. వెనకగది గుమ్మంలో నిలబడి, టోపీ మీది నీళ్ళు దులిపి, ముందు ఫ్రిజ్‌ని, తరవాత కాంపౌండరుని, ఆఖరికి వదినగారిని చూశాడు.

"మీరొచ్చారా వదినా. బయట వానొకటే అనుకున్నాను."

"నువ్వు చెప్పిన టైముకి ఎప్పుడొచ్చావు గనక. మీ అన్నయ్య పెళ్ళిక్కూడా ముహూర్తం దాటాక వచ్చావు. ఇవాళ ముందొచ్చావంటే పట్టుకెళ్ళాల్సిన మనిషి మీద నీకే నమ్మకం కుదరలేదన్నమాట."

"రిపోర్టులో యాంటీబాడీలు లేవు. ఇంకేం నమ్మకం కావాలి?"

"లేవంటే రెండు అర్థాలున్నాయి. నీళ్ళు పొడిచి ఉండాలి, లేదా చెడిపోయిన టీకా పొడిచి ఉండాలి. నువ్వు మొదటిదాని దగ్గరే ఆగిపోయావు."

ఆయన గడియారం చూసుకున్నాడు. మూడింటి దాకా తనకి అభ్యంతరం లేదని, మూడూ ఒకటికి మాత్రం వదిన కాదు కదా అన్నయ్య లేచొచ్చినా ఆగనని చెప్పి, బిడ్డల్ని తూచే త్రాసు పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఆ గదిలో నర్సు కూడా ఉంది. కిటికీ పక్కన నిలబడి, అక్కర్లేకపోయినా దూది ఉండలు చుడుతోంది. పొద్దుటినించీ ఆమె మాట్లాడింది చాలా తక్కువ. నోరు మంచిది కాదన్న అత్తగారి మాటకి సాక్ష్యం ఇంకా దొరకలేదు. డిటెక్టివ్ అడిగినవాటికి మాత్రం తడబడకుండా చెప్పింది. ఈ టీకా రెండో సరుకు వానలు మొదలైన వారంలో వచ్చింది, వడ్రంగికి వేసిన సీసా అందులోదే, అదే పెట్టెల్లోంచి మరో పద్దెనిమిది మందికి వేసింది. పదకొండు మంది పసివాళ్ళు, ఏడుగురు పెద్దవాళ్ళు. ఒక్క విషయం అడక్కుండానే చెప్పింది. టీకా వేశాక వడ్రంగి చెయ్యి రుద్దుకుంటూ భయంగా చూస్తే, ఇంక నీకేం ఫరవాలేదు బాబాయ్, వెళ్ళి పనిచేసుకో అన్నది తనేనట. అది చెప్పి మళ్ళీ దూది తీసుకుంది.

డిటెక్టివ్ మనసులో దొంగ ఎవరో కాదు, ఆ ఫ్రిజ్. ఆమెకి టీకాల గురించి తెలిసింది నిన్నటినించే అయినా, ఫ్రిజ్‌ల గురించి పాతికేళ్ళుగా తెలుసు. వెనక గోడకి ఆనించిన టమాటా రాయవుతుంది. తలుపులో పెట్టిన పాలు విరుగుతాయి. ఒకటే ఫ్రిజ్‌లో ఇద్దరు చచ్చేది ఒకరు చలికి, ఇంకొకరు వేడికి. ఈ టీకా రెండు నించి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి కొంత ఓర్చుకుంటుంది. ఒక్కసారి గడ్డకట్టిందంటే మాత్రం దాని పని అయిపోయినట్టే. మళ్ళీ కరిగి మామూలుగా కనబడినా నమ్మడానికి లేదు. చిక్కంతా ఎక్కడంటే, సీసా మూత మీద చిన్న గుండ్రం, అందులో ఒక చతురస్రం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చతురస్రం నల్లబడుతుంది. గుండ్రం కంటే తెల్లగా ఉన్నంతసేపూ నర్సులు నిశ్చింతగా వేసేస్తారు. చలి సంగతి ఆ చతురస్రానికి తెలియదు. మంచుగడ్డయి కరిగిన సీసా మీద కూడా అది అమాయకంగా తెల్లగానే ఉంటుంది.

అందుకే ఆమె కాంపౌండరు మీదికి మళ్ళింది. వానల మొదట్లో అత్తగారి కంటి ఆపరేషన్‌కని నర్సు నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆ నాలుగు రోజులూ తాళాలు ఇతని దగ్గరే.

"కరెంటు ఎప్పుడు పోయింది?"

"పోలేదండీ."

"మళ్ళీ చెప్పండి."

"రెండో రోజు పోయిందండీ. పదకొండింటికి. నాలుగింటికి వచ్చింది."

"వచ్చాక ఏం చేశారు?"

కాంపౌండరు ఇన్‌స్పెక్టరు మొహం వంక, తరవాత తలుపు వంక చూశాడు. రెండూ మూసే ఉన్నాయి. ఐదు గంటలు వేడెక్కిపోయాయి కదా పాపం అని చలి పెంచే మర ఆఖరి అంకెకి తిప్పానన్నాడు. ఎన్నాళ్ళు అంటే, నర్సమ్మ వచ్చేదాకా అన్నాడు. థర్మామీటరు చూశారా అంటే, చూడకుండా రాసే అలవాటు అప్పుడే వచ్చిందన్నాడు. చల్లగా ఉంటే మంచిదే కదండీ అని మాత్రం ఒకటికి రెండుసార్లు అన్నాడు. ఎవరూ అడక్కుండా రెండోసారి చెప్పింది కాబట్టి అది నిజమే అయ్యుండాలి.

"విన్నావా?" అంది డిటెక్టివ్ మరిదితో.

"విన్నాను. కోర్టులో ఇది చెబితే జడ్జి గారు నవ్వుతారు. మర తిప్పాడు సరే, గడ్డకట్టిందని ఎవరు చూశారు?"

"ఇప్పుడు చూద్దువుగాని."

రెండూ ఇరవై. ఆమె సంచీలోంచి టిఫిను డబ్బా తీసింది. అందులో గుడ్డలో చుట్టిన రెండు సీసాలు. నిన్న సాయంత్రం నాలుగింటికి డాక్టరు దగ్గర ఉత్తరం రాయించుకుని, ఈ చుట్టుపక్కల క్లినిక్‌లన్నిటికీ టీకాలు పంపే కోల్డ్ స్టోరుకి వెళ్ళి, అదే బ్యాచి సీసాలు రెండు అడిగి తెచ్చుకుంది. స్టోరు ఆఫీసరు మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, ఎందుకని రెండుసార్లు అడిగాడు, పరీక్షకి అంటే తనే స్వయంగా ప్యాక్ చేసి ఇచ్చాడు. రెండిట్లో ఒకదాన్ని ఆమె ఇంట్లో ఫ్రిజ్ పైన ఐసు గదిలో పెట్టి, డబ్బా మీద ముట్టుకోవద్దు అని రాసింది. ఒంటరిగా ఉండే ఇంట్లో అలా రాయడం ఎవరికోసమో ఆమెకే తెలియదు, చెయ్యి అలవాటు. పొద్దున ఆరింటికి తీసి కరగబెట్టింది. రెండో సీసాని మధ్య అరలో, వెనక గోడకి తగలకుండా, థర్మామీటరు పక్కన పెట్టింది. ఐదు డిగ్రీలు దాటలేదు, మూడుకి దిగలేదు.

పరీక్ష చిన్నపిల్లల ఆటలాంటిది. గడ్డకట్టి కరిగిన టీకాని కుదిపి పెడితే తెల్లటి పొడి తెట్టెలుగా విడిపోయి గబగబా అడుగుకి దిగుతుంది, పైన నీరు తేలుతుంది. ఎప్పుడూ గడ్డకట్టనిది చాలాసేపు పాలలాగే నిలబడుతుంది. ఐసు గదిలో గడ్డకట్టించినది, మధ్య అరలో జాగ్రత్తగా ఉంచినది, ఈ ఫ్రిజ్‌లోది, మూడూ ఒక చేతిలో పట్టి కలిపి కుదపాలి, దించాలి, చూడాలి.

"ఇదేమన్నా దగ్గుమందా వదినా, కుదిపి వాడ్డానికి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అయినా స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

ముందుగదిలోంచి డాక్టరు కూడా వచ్చాడు. అరవై ఏళ్ళాయన. ఈ గోల మొదలైనప్పటినించీ ఆయన చేతులు ఆయన జేబుల్లోంచి బయటికి రాలేదు. సీసాలు కుదిపింది నర్సు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి, కిటికీ వెలుతురుకి ఎదురుగా బల్ల మీద వరసగా నిలబెట్టింది. ఎడమది ఇంట్లో గడ్డకట్టించినది. మధ్యది ఫ్రిజ్‌లోది. కుడిది జాగ్రత్తగా ఉంచినది.

రెండున్నరకి ఎడమ సీసాలో తెట్టెలు దిగడం మొదలైంది. రెండూ ముప్ఫై నాలుగుకి మధ్య సీసాలో కూడా. డిటెక్టివ్ లోపల్లోపల ఊపిరి వదిలింది. కాంపౌండరు గోడకి ఆనుకున్నాడు. ఆమె మరిది ముఖం చూద్దామని తల తిప్పబోతుంటే, నర్సు గొంతు వినబడింది.

"మేడమ్, కుడిది కూడా దిగుతోంది."

దిగుతోంది. రెండూ నలభైకి మూడు సీసాలూ ఒకలాగే ఉన్నాయి. అడుగున వేలెడు తెల్లటి మడ్డి, పైన నీళ్ళు. ముగ్గురు అక్కచెల్లెళ్ళని ఒకే బట్టతో కుట్టించిన జాకెట్లతో నిలబెట్టినట్టు, ఎవరు ఎవరో చెప్పడానికి లేదు.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. నవ్వితే బాగుండేది. చాలా మర్యాదగా, అది ఆ మందు గుణం అయ్యుంటుందన్నాడు. ఏ సీసా అయినా కాసేపు నిలబెడితే అలాగే పేరుకుంటుందని, ఇందులో గడ్డకట్టడం గిడ్డకట్టడం ఏమీ లేదని, ఫ్రిజ్‌లో ఉన్న సీసాల్లో అసలు మందే ఉందంటే నీళ్ళు పొడిచారన్న తన మాటకి అదేం అడ్డం కాదని అన్నాడు. ఒక్కో మాటా నిజమే. అదే బాధ. డిటెక్టివ్ మూడు సీసాల వంకా మార్చి మార్చి చూసింది. నిన్నటినించీ కాంపౌండరు చుట్టూ ఎంతో శ్రద్ధగా కట్టుకున్న గోడ కళ్ళముందే అడుగుకి దిగిపోయింది. కుడి సీసా ఆమె ఇంట్లో చెడలేదు. అది మాత్రం ఖాయం. అయితే ఈ మందు గుణమే ఇది అయ్యుండాలి, లేకపోతే ఆ సీసా ఆమె చేతికి రాకముందే చెడిపోయి ఉండాలి. ఏది నిజమో తేలాలంటే ఎప్పుడూ గడ్డకట్టలేదని ఒట్టేసి చెప్పగల సీసా ఒకటి కావాలి. అదీ ఇదే బ్యాచిది. ఎక్కడ దొరుకుతుంది? స్టోరుది నమ్మడానికి లేదు. క్లినిక్‌ది అసలే లేదు.

రెండూ నలభై ఎనిమిది. ఇన్‌స్పెక్టరు లేచి టోపీ పెట్టుకున్నాడు.

"పద అమ్మా. చెప్పులేసుకో."

నర్సు దూది డబ్బాకి మూత పెట్టింది. చేతులు కడుక్కుంది. తుడుచుకుంటూ, అంతవరకూ దాచుకున్న నోరు అప్పుడు తెరిచింది.

"వస్తాను సార్. వచ్చేముందు మా డాక్టరుగారు నన్ను పదిమందిలో పెట్టి తిట్టిన సీసా ఒకటుంది, అది కూడా కుదిపి చూస్తారా? తిట్లయితే పడ్డాను, సీసా వల్ల ఇంతవరకూ ఎవరికీ ఉపయోగం లేదు."

డాక్టరు ముఖం ఎర్రబడింది. డిటెక్టివ్ అంది:

"మళ్ళీ చెప్పమ్మా."

నర్సు చెప్పింది. వేసవి మొదట్లో ఇదే బ్యాచి మొదటి సరుకు వచ్చినప్పుడు తనే స్టోరుకి వెళ్ళి తెచ్చింది. ఆరోజు సర్దుతుంటే ఒక సీసా చేతిలోంచి జారి ఈ అలమర వెనక్కి దొర్లిపోయింది. అలమర జరపడానికి ఇద్దరు మగవాళ్ళు కావాలి; ఈ క్లినిక్‌లో ఉన్న ఇద్దరికీ నడుం నొప్పి. వేసవంతా అది అక్కడే, గోడ వేడికి మగ్గింది. వానలు పడ్డాక గోడ చెమ్మ పట్టి అలమర తీయాల్సొస్తే చీపురుకి దొరికింది. అప్పటికి చతురస్రం నల్లగా బొగ్గయిపోయింది. పనికిరాదు. కాని పారెయ్యడానికి లేదు. పనికిరాని టీకాని ఇద్దరి సంతకాలతో ఆరు నెలలకోసారి ధ్వంసం చెయ్యాలి. అందుకని కాగితంలో చుట్టి, తారీఖు రాసి, కింది సొరుగులో పెట్టింది. తన తప్పని రిజిస్టరులో కూడా రాసుకుంది.

"వేడికి చచ్చింది సార్ అది," అంది. "చలి మాత్రం ఎరగదు. ఆ అలమర వెనక మంచు పడదుగా."

 డిటెక్టివ్ తనే వంగి సొరుగు లాగింది. కాగితం చుట్ట. మీద తారీఖు, నర్సు సంతకం. లోపల సీసా మూత మీద చతురస్రం గుండ్రం కంటే నల్లగా ఉంది. బ్యాచి నంబరు ఇన్‌స్పెక్టరు రెండుసార్లు చదివాడు, ఒకసారి పైకి, ఒకసారి లోపల. అదే.

ఈసారి నాలుగూ కలిపి కుదిపింది ఇన్‌స్పెక్టరు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. రెండూ యాభై ఐదుకి బల్ల మీద పెట్టాడు. మూడు గంటలయింది, మూడూ ఒకటయింది. ఆయన గడియారం చూసుకోలేదు. మూడూ పదికి మూడు సీసాలూ పూర్తిగా విడిపోయాయి. నాలుగోది పాలలాగే ఉంది. మూడూ ఇరవై ఐదుకి కూడా పాలలాగే ఉంది. సొరుగులో, ఎందుకూ పనికిరాదని రాసిపెట్టిన సీసా, ఆ నాలుగింటిలోకీ నిజం చెప్పగలిగింది అదొక్కటే.

డిటెక్టివ్‌కి సంతోషం కలగలేదు. మడ్డి దిగడం మందు గుణం కాదంటే స్టోరు నించి తెచ్చిన కుడి సీసా కూడా గడ్డకట్టినదే. కాంపౌండరు మీద ఆమె పెట్టుకున్న లెక్క తప్పని తేలింది. మర తిప్పడానికి ఇంకా ముందే, ఈ ఫ్రిజ్‌కి రాకముందే, స్టోరులోనే సరుకంతా గడ్డకట్టింది. ఒక క్లినిక్‌లో పద్దెనిమిది మంది అనుకున్నది, ఇప్పుడు ఎంతమందో లెక్క తెలియదు.

"నీళ్ళు కాదన్నమాట," అన్నాడు ఇన్‌స్పెక్టరు చివరికి. టోపీ తీసి త్రాసు మీద పెట్టాడు. అది నూట ఎనభై గ్రాములు తూగింది.

"ఆమెని తీసుకెళతావా?"

"దేనికి? సీసా పోగొట్టుకున్నందుకా?"

నర్సు కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. భుజాలు రెండుసార్లు కదిలాయి. తరవాత అటే తిరిగి, డాక్టరుతో, అలమర జరిపించి తుడిపిస్తే ఇంకా ఏమన్నా సాక్ష్యాలు దొరుకుతాయేమో చూడండి అంది. డాక్టరు మొట్టమొదటిసారి జేబుల్లోంచి చేతులు తీసి ఆమెకి మంచినీళ్ళు పోసి ఇచ్చాడు.

వెంటనే చెయ్యాల్సింది ఏమిటో ఆయనే చెప్పాడు. పద్దెనిమిది మందినీ పిలిపించాలి. మంచి టీకా ఎక్కడన్నా తెప్పించి మళ్ళీ వెయ్యాలి. అంతవరకూ వాళ్ళలో ఎవరికి జ్వరమొచ్చినా, కార్డుంది కదా అని ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి పరిగెత్తమని చెప్పాలి. పేర్లు, ఇళ్ళు అన్నీ టీకాల రిజిస్టరులో ఉన్నాయి. నర్సు దాన్ని తీసి బల్ల మీద పరిచింది. మొదటి పేరు ఎనిమిది నెలల పాపది.

మూడూ ముప్ఫై ఐదుకి వరండాలో ఎవరో కాళ్ళు దులుపుకున్న చప్పుడయింది. బెంచీ మీది అత్తగారు ఎవరు కావాలని అడిగింది. లోపలికి వచ్చినతను స్టోరు వ్యాను డ్రైవరు. వానకోటు కిందనించి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీశాడు. ఈ బ్యాచి పెట్టెలన్నీ వెనక్కి తెమ్మన్నారని, ఇక్కడొక సంతకం పెడితే తన పని అయిపోతుందని, మళ్ళీ వాన ముదిరేలోగా పోవాలని చెప్పాడు.

నర్సు కలం తీసుకుంది. తీసుకుని, పెట్టలేదు. చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, పైకి చదివింది.

"మీ క్లినిక్ ఫ్రిజ్‌లో గడ్డకట్టి పాడైన టీకా సీసాలను ధ్వంసం చేయు నిమిత్తం స్వాధీనము చేసుకొనడమైనది. ఇందుకు పూర్తి బాధ్యత క్లినిక్ సిబ్బందిదేనని అంగీకరించడమైనది."

ఇన్‌స్పెక్టరు కాగితం అందుకున్నాడు. కింద స్టోరు ఆఫీసరు సంతకం. దాని పక్కన తారీఖు. ఆయన దాని మీద బొటనవేలు పెట్టి వదినగారికి చూపించాడు.

"వదినా, మీరు ఆ స్టోరుకి ఎప్పుడెళ్ళారు?"

"నిన్న సాయంత్రం నాలుగింటికి."

"ఇది మొన్నటిది."

మొన్నటికి ఈ కేసులో గడ్డకట్టడం అన్న మాట ఎవరి నోట్లోనూ లేదు. నర్సు అత్తగారు ఇంకా ఆ రెండో కుర్చీలో కూర్చోలేదు. ఇన్‌స్పెక్టరు ఇంకా నీళ్ళ దగ్గరే ఉన్నాడు. లాబు వాళ్ళకి తెలియదు, డాక్టరుకి తెలియదు, సీసా మీది చతురస్రానికి తెలియదు. అంత మర్యాదగా కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, సీసాలు రెండూ తన చేత్తో ప్యాక్ చేసి ఇచ్చిన మనిషికి మాత్రం తెలుసు. ఇవ్వనంటే అనుమానం వస్తుంది. ఇస్తే, అన్నీ చెడినవే కాబట్టి పరీక్షలో తేడా కనబడదు. నిన్న తనకి చేసిన మర్యాదలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే ఆమె ఒంటికి చల్లగా తగిలాయి.

"ఇంకా ఎన్ని చోట్లకి వెళ్ళాలి నువ్వు?" అని అడిగింది డ్రైవరుని.

"అయిపోయాయమ్మా. నిన్న పొద్దున తొమ్మిదిన్నర నించీ ఇదే తిరుగుడు. ఇరవై ఆరు క్లినిక్‌లు అయ్యాయి. ఇదే ఆఖరిది."

"అందరూ సంతకం పెట్టారా?"

"పెట్టారమ్మా. ఎవరూ చదవలేదు. ఈవిడే చదివారు," అన్నాడతను, కాస్త ఫిర్యాదుగా.

ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గరికి నడిచి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. వ్యానులో ఉన్న పెట్టెలు దింపమన్నాడు. డ్రైవరు బిక్కమొహం పెట్టాడు. పెట్టెలు లేవట. తెచ్చినవి తెచ్చినట్టు స్టోరు వెనక పొయ్యిలో వేసేస్తున్నారట. ఆఫీసరుగారే దగ్గరుండి చూసుకుంటున్నారట. నిన్న సాయంత్రం కొంచెంసేపు మాత్రం, ఎవరో పెద్దావిడ వచ్చారని, పొయ్యి ఆపమన్నారట.

అప్పుడు అతని కళ్ళు బల్ల మీద తెరిచి ఉన్న టీకాల రిజిస్టరు మీద పడ్డాయి. చెయ్యి చాపాడు.

"అది కూడా ఇవ్వాలమ్మా. పెట్టెలూ రిజిస్టరూ రెండూ తెమ్మన్నారు. మిగతావాళ్ళందరూ ఇచ్చేశారు."

"మళ్ళీ చెప్పు," అంది డిటెక్టివ్. ఉద్యోగంలో చేరినప్పటినించీ ఆమె ఆ మాటని నిజంగా వినబడక అడగడం అదే మొదటిసారి.

"ఎవరెవరికి టీకా వేశారో రాసుకున్న పుస్తకాలమ్మా. ఇరవై ఆరూ పెట్టెలతోపాటే పొయ్యిలో వేశారు."

నర్సు రిజిస్టరు మూసి రెండు చేతులతో గుండెకి హత్తుకుంది. అందులో పద్దెనిమిది పేర్లున్నాయి. మిగతా ఇరవై ఆరు చోట్ల పసిపిల్లల తల్లులూ, ముసలివాళ్ళూ, ప్లీహం లేనివాళ్ళూ స్టిక్కరు అంటించిన కార్డులు భద్రంగా దాచుకుని ఉన్నారు. వాళ్ళెవరో, ఎంతమందో, ఏ వీధిలో ఉంటారో ఇప్పుడు ఏ క్లినిక్ కాగితం మీదా లేదు. ఇకమీదట వాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా ఆస్పత్రి పుస్తకాల్లో బయటపడాల్సిందే, వడ్రంగి పేరు బయటపడ్డట్టు.